తుపాకి వదిలి కెమెరా పట్టిన వేటగాడు

సాయంత్రం పెరట్లోకి జింక వస్తే పిల్లలు ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తడం అమెరికాలోని మన తెలుగు ఇళ్ళలో మామూలే. అడవి జంతువును చంపకుండా, దాని ఫొటో చూసి ఆనందించే ఈ అలవాటుకు ఆద్యుల్లో ఒకరు జార్జ్ షైరస్.

షైరస్ 1859లో పెన్సిల్వేనియాలో పుట్టారు. తండ్రి అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. చిన్నతనం నుంచి వేసవిలో మిషిగన్ ఉత్తర భాగాన, సుపీరియర్ సరస్సు ఒడ్డునున్న మార్క్వెట్ వెళ్ళి వేటాడేవారు. అక్కడి ఒజిబ్వే తెగవారు రాత్రిపూట పడవ ముందు పళ్ళెంలో మంట పెట్టి, చప్పుడు కాకుండా తెడ్డు వేసేవారు. నీళ్ళ కోసం వచ్చిన జింక ఆ వెలుగును చూస్తూ కదలకుండా నిలబడిపోయేది. చీకట్లో మెరిసే దాని కళ్ళను బట్టి గురి చూసేవారు.

షైరస్ ఆ పద్ధతినే ఉంచి, తుపాకి స్థానంలో కెమెరా పెట్టారు. మెగ్నీషియం పొడి భగ్గున మండే వెలుతురులో రాత్రి జింకల ఫొటోలు తీశారు. దారికి అడ్డంగా తీగ కట్టి, తగిలిన జంతువు తన ఫొటో తానే తీసుకునే ఏర్పాటూ చేశారు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 ప్రచురించింది. పత్రికను బొమ్మల పుస్తకం చేస్తున్నారంటూ బోర్డు సభ్యులిద్దరు రాజీనామా చేశారట!

కాంగ్రెస్ సభ్యుడిగా షైరస్ 1904లో వలస పక్షుల రక్షణకు బిల్లు పెట్టారు. అప్పట్లో అది నెగ్గలేదు. ఆ ఆలోచనే 1913లో చట్టమై, 1918లో నేటికీ అమలులో ఉన్న వలస పక్షుల ఒప్పంద చట్టానికి దారి తీసింది.

వెలుతురుకు ప్రాణి నిలిచిపోవడం మన పల్లెల్లోనూ తెలిసిన సంగతే. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది ఇలాగే. టార్చి వెలుగుకు కదలని పక్షిని ఒక స్థానికుడు చేత్తో పట్టుకున్నాడు. పాపం, అది ఎన్నాళ్ళో బతకలేదు. తర్వాతి కాలంలో పరిశోధకులు పొదల మధ్య వాటంతట అవే ఫొటో తీసే కెమెరాలు పెట్టి, పక్షిని ముట్టుకోకుండానే దాని జాడ తీశారు. నల్లమలలో పులులను లెక్కించేదీ ఇలాంటి కెమెరాలతోనే. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కనుక, ఫొటో చూసి ఏ పులో గుర్తుపడతారు.

ఇప్పుడు ప్రతి జేబులోనూ కెమెరా ఉంది. కానీ మంచి ఫొటో కోసం జింకకు మేత వేసి రోడ్డు దగ్గరకు మరిపితే, గూడు దగ్గరకు వెళ్ళి తల్లిపక్షిని బెదరగొడితే, కెమెరా వల్లా ప్రాణం పోవచ్చు. దూరంగా, ఓపికగా నిలబడి చూడటం మన పిల్లలకు నేర్పుదాం. ఫొటో తీసుకున్నాక కూడా ఆ జింక తన మేత తాను మేస్తూ ఉంటే, అదే మంచి ఫొటో.