గుండెనొప్పా, గ్యాసా?

అర్ధరాత్రి ఇంటాయన గుండె పట్టుకుని లేచి కూర్చుంటాడు. ఒళ్లంతా చెమటలు. ఇల్లాలు ఏం చేస్తుంది? పిల్లల్ని పక్కింటావిడకి అప్పగించి, ఆయన్ని ఆసుపత్రికి చేరుస్తుంది. తెల్లారాక డాక్టరుగారు, "గుండెకేం కాలేదమ్మా, ఒట్టి గ్యాసు" అంటారు. మనమైతే దేవుడికో కొబ్బరికాయ కొట్టి వూరుకుంటాం. అమెరికాలో మాత్రం ఒకప్పుడు ఆ తరవాత అసలు కథ మొదలయ్యేది. "గ్యాసు అత్యవసరం కాదు, ఈ బిల్లు మేం కట్టం" అని బీమావాళ్ల దగ్గర్నించి కాగితం వచ్చేది!

1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో అక్కడి వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. చేసిన వైద్యానికల్లా సర్కారు బిల్లు కడుతూ పోయేసరికి ఖర్చు తడిసి మోపెడయింది. అప్పుడు కంపెనీలతో ఒప్పందాలు మొదలయ్యాయి. మెడికెయిడ్‌లో అన్ని రాష్ట్రాలకన్నా ఆలస్యంగా, 1982లో, చేరిన ఆరిజోనా మొదటినుంచీ ఈ దారే పట్టింది.

ఆ ఒప్పందాల భాషే వేరు. అందులో రోగి 'ఎన్‌రోలీ', అంటే పేరు రాయించుకున్న మనిషి. వైద్యుడు 'ప్రొవైడర్'. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ముందు చిన్న డాక్టరు చీటీ కావాలి. ఆయన్ని 'గేట్ కీపర్' అన్నారు. వైకుంఠం గుమ్మంలో జయవిజయులన్నమాట! అన్నిటికీ మూలం 'కాపిటేషన్'. ఈ మాట మనకి కొత్తది కాదు, కాలేజీ సీట్ల పుణ్యమా అని బాగా తెలుసు. దాన్ని నిషేధిస్తూ 1983లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే చెయ్యాల్సొచ్చింది. లాటిన్‌లో 'కాపుట్' అంటే తల. తలకింత అని నెలనెలా సర్కారు కంపెనీకి ఇస్తుంది. జబ్బు చేసినా అంతే, చెయ్యకపోయినా అంతే. మనిషి ఆసుపత్రి గడప తొక్కకపోతే కంపెనీకి మిగులు. మరి అర్ధరాత్రి గడప తొక్కినవాళ్లమీద వాళ్లకి కోపం రాదూ?

ఆసుపత్రి సంగతి ఇంకా చిత్రం. 1986 చట్టం ప్రకారం ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లని పరీక్షించకుండా పంపెయ్యకూడదు. చూడక తప్పదు, డబ్బు వస్తుందో రాదో తెలీదు.

చివరికి తగవంతా ఒక్క మాటమీద పడింది: 'అత్యవసరం' అంటే ఏమిటి? 1993లో మేరీలాండ్ రాష్ట్రం దానికో అర్థం చెప్పింది. 1997లో కేంద్రప్రభుత్వం ఆ కొలతనే మెడికేర్, మెడికెయిడ్ ఒప్పందాలకి తెచ్చింది. 2010 చట్టంతో అది చాలా ప్రైవేటు బీమాలకీ వచ్చింది. ఆ కొలత పేరు 'ప్రూడెంట్ లే పర్సన్', అంటే వైద్యం చదువుకోని, కాస్త ఇంగితం వున్న మామూలు మనిషి. ఆ మనిషికి లక్షణాలు చూసి ప్రాణంమీదికి వస్తుందేమోనన్న భయం సహేతుకంగా కలిగితే చాలు, అది అత్యవసరమే. పొద్దున డాక్టరు ఏం తేల్చారన్నదానితో పనిలేదు. ముందుగా కంపెనీ అనుమతి అక్కర్లేదు. ఆసుపత్రికి కంపెనీతో ఒప్పందం లేకపోయినా సరే.

వకీళ్లు రాసిన ఆ వాక్యంలో నాకు నచ్చింది మరొకటుంది. 'తీవ్రమైన నొప్పి' అని విడిగా పేరుపెట్టి మరీ రాశారు. నొప్పి కంటికి కనపడదు కదా, పడేవాళ్లు చెప్పిందే నమ్మాలి. గర్భిణి అయితే ఆమెకే కాదు, కడుపులోని బిడ్డకి ఏమవుతుందోనన్న భయం కూడా లెక్కలోకే వస్తుంది.