సోనీపత్‌లో వదలని దోమలు

ఢిల్లీకి ఉత్తరాన, హర్యానాలోని సోనీపత్ పట్టణంలో 1975 ఆరంభంలో ఒక ప్రయోగం జరగవలసి ఉంది. సంతానశక్తి లేకుండా చేసిన మగ ఎడిస్ ఈజిప్టి దోమలను పెద్ద సంఖ్యలో ఊరిలోకి వదలాలన్నది పథకం. డెంగీని మోసే జాతి అదే. మగ దోమ కుట్టదు. ఆడ దోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఆ జత ఇటువంటి మగ దోమతో అయితే గుడ్లు పొదగవు. ఏర్పాట్లన్నీ జరిగాక చివరి ఘడియలో ప్రభుత్వం వద్దంది. ఆ జూన్ ముగిసేనాటికి ప్రయోగం తలపెట్టిన సంస్థే మూతపడింది. అదే నెలలో ఎమర్జెన్సీ వచ్చిపడినందువల్ల కాబోలు, ఈ చిన్న మూసివేత మన రాజకీయ స్మృతిలో మిగలలేదు.

ఆ సంస్థ దోమల జన్యు నియంత్రణ విభాగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి నడిపాయి. డబ్బు మాత్రం అమెరికాది; పి.ఎల్. 480 కింద మనకు గోధుమలు అమ్మగా ఇక్కడే పోగుపడిన రూపాయలు. 1974లో పి.టి.ఐ. వార్తా సంస్థ దీనిపై ఒక కథనం వెలువరించడంతో పార్లమెంటులో దుమారం రేగింది. దేశాన్ని పీడిస్తున్నది మలేరియా కాగా డెంగీ దోమపై ఇంత శ్రద్ధ ఎందుకు? ఇదే దోమ ఎల్లో ఫీవర్‌నూ మోస్తుంది. ఆ జ్వరం మన దేశంలో లేదు, దోమ మాత్రం ఉంది. అది ఎంత దూరం ఎగురుతుందో, ఎలా విస్తరిస్తుందో తెలిస్తే ఎవరికి లాభం? జ్యోతిర్మయ్ బసు అధ్యక్షతన ఉన్న ప్రభుత్వ పద్దుల సంఘం 1975లో ఇచ్చిన నివేదికలో ఈ ప్రశ్నలన్నిటినీ సూటిగా అడిగింది. అమెరికా సైన్యం సొమ్ముతో సాగిన పక్షుల వలస అధ్యయనాన్నీ అదే నివేదిక నిలదీసింది.

ఇది వట్టి భ్రమ అని కొట్టివేయడం నేటి విజ్ఞానవాదులకు అలవాటు. నేను ఒప్పుకోను. దోమ ఆయుధంగా పనికివస్తుందా అని పరీక్షించడానికి అమెరికా సైన్యం 1950లలో తన సొంత జార్జియా రాష్ట్రంలో ఇదే జాతిని, వ్యాధిక్రిమి లేకుండానే అయినా, జనావాసాల్లో వదిలింది. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు పార్లమెంటు అడగకపోతేనే తప్పు.

తప్పంతా ఆ తరువాత జరిగింది. డెంగీ అప్పటికే మనకు కొత్త కాదు. 1963–64లో కలకత్తాలో రక్తస్రావ జ్వరంగా విరుచుకుపడింది. 1964లో తూర్పు తీరం వెంట విశాఖపట్నం చేరింది. మలేరియా పెద్ద శత్రువన్న మాట నిజమే. 1976లో దేశంలో నమోదైన కేసులు 64 లక్షలు. కానీ పరాయివారి చేతినుంచి లాక్కున్న పనిని మనం మన చేతిలోకి తీసుకోలేదు. వారిని పంపించివేశాం, పనినీ వదిలేశాం.

1996లో ఢిల్లీలో పదివేలకు పైగా కేసులు, 400కు పైగా మరణాలు. సోనీపత్ ప్రయోగం సాగి ఉంటే ఇవి తప్పేవని ఎవరూ చెప్పలేరు. అయితే ఆ నగరం ఆ దోమకు ఎంత అనువుగా తయారైందో చూడాలి. మురుగు దానికి గిట్టదు. కూలరు, డ్రమ్ము, మూతలేని ట్యాంకు, పాత టైరు కావాలి. పాత్ర గోడకు అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, నీరు తగలగానే పిల్లలవుతాయి. దోమ ఎగిరేది కొన్ని వందల మీటర్లే. వైరస్‌ను ఊరినుంచి ఊరికి మోసుకుపోయేది రైలెక్కిన మనిషి. పైగా వైరస్‌లు నాలుగు రకాలు. ఒకటి సోకి తగ్గినవారికి మరొకటి సోకితే ప్రమాదం హెచ్చు. పొగయంత్రం పట్టుకుని నాయకులు ఫొటోలు దిగుతుంటారు గాని, ఆ పొగ ఎగురుతున్న దోమను చంపుతుందేమో, మంచం కింద దాగినదాన్నీ డ్రమ్ములోని గుడ్డునూ ఏమీ చేయదు. నీటిని వారానికోసారి పారబోసి పాత్ర గోడలు తోమడమే అసలు మందు. కుళాయిలో గంటసేపే నీళ్లొచ్చే బస్తీలో ఆ మాట చెప్పడం సులువు కాదు. డ్రమ్ము పెట్టుకున్న ఇంటికి జరిమానా వేసే చట్టాలున్నాయి. నీళ్లివ్వని కుళాయికి లేవు.

ఇప్పుడు మరో దోమ సిద్ధమైంది. వోల్బాకియా అనే బాక్టీరియా ఎక్కించిన ఎడిస్‌లో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేసియాలోని యోగ్యకర్తలో వాటిని వదిలిన ప్రాంతాల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. పుదుచ్చేరిలోని మన వైద్య పరిశోధన మండలి కేంద్రం, ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన గుడ్లతో స్థానిక జాతిని కలిపి, రెండు రకాలను తయారుచేసినట్టు 2022లో ప్రకటించింది. ఈసారి సంస్థ మనది, శాస్త్రజ్ఞులు మనవారు. యోగ్యకర్తలో దోమలకంటే ముందు మనుషులు ఇంటింటికీ వెళ్లారు, వీధి పెద్దలతో మాట్లాడి అంగీకారం తీసుకున్నారు. ఇక్కడ ఆ పని మరింత అవసరం. ఎందుకంటే ఈ పద్ధతిలో ఆడ దోమలనూ వదలాలి, అవి కుడతాయి. సోనీపత్‌లో వదలదలచినవి కుట్టేవి కూడా కావు.