కరువు భత్యం

ధరలు పెరిగినప్పుడు వేతనపు కొనుగోలు శక్తి పడిపోకుండా అదనంగా చెల్లించే సొమ్ము కరువు భత్యం. వాడుకలో డీఏ అంటారు. చేతికొచ్చే డబ్బు ద్రవ్య వేతనం, దానితో కొనగలిగిన సరుకులు నిజ వేతనం. జీతం 20 శాతం పెరిగిన కాలంలోనే ధరలు 50 శాతం పెరిగితే నిజ వేతనం ఐదో వంతు తగ్గిపోతుంది.

కూలి గింజల్లో కొలిచినంత కాలం ధాన్యం ధర ఎంత పెరిగినా కూలివాడి తిండిగింజలు తగ్గలేదు. డబ్బు మీదే బతికే మిల్లు కార్మికులకు ఆ రక్షణ లేకపోయింది.

1917లో అహ్మదాబాదులో ప్లేగు వ్యాపించినప్పుడు, కార్మికులు ఊరు విడిచిపోకుండా మిల్లు యజమానులు ప్లేగు బోనస్ ఇచ్చారు. జబ్బు తగ్గాక, 1918 తొలినాళ్లలో, దాన్ని ఆపేయబోయారు. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం మూలంగా గింజలు, బట్ట, కిరసనాయిలు ప్రియమయ్యాయి. నేత కార్మికులు 50 శాతం పెంపు అడిగారు. గాంధీ స్థానిక పరిస్థితులను విచారించి 35 శాతం న్యాయమని తేల్చారు. యజమానులు 20 శాతం దగ్గరే ఆగారు. ఫిబ్రవరి 22న లాకౌట్ మొదలైంది. యజమానుల పక్షాన అంబాలాల్ సారాభాయి ఉండగా, ఆయన అక్క అనసూయా సారాభాయి కార్మికుల వైపు ధైర్యంగా నిలిచారు. కార్మికుల పట్టు సడలుతున్న వేళ, మార్చి 15న, గాంధీ నిరాహార దీక్షకు కూర్చున్నారు. 18న రాజీ కుదిరింది. మధ్యవర్తి ఆనందశంకర్ ధ్రువ చివరికి 35 శాతాన్నే ఖాయం చేశారు. ధరల పెరుగుదలను వేతన వివాదానికి కొలబద్దగా నిలిపిన ఈ పోరాటం భారత కార్మికోద్యమంలో చిరస్మరణీయమైనది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడాది, 1940 మార్చిలో, బొంబాయి బట్టల మిల్లుల కార్మికులు కరువు భత్యం కోసమే సమ్మె కట్టారు.

స్వాతంత్ర్యం తర్వాత భత్యానికి ఆధారం పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. దీని ఆధార సంవత్సరాలు వరుసగా 1949, 1960, 1982, 2001, 2016. సూచీ లెక్క తేలాకే భత్యం పెరుగుతుంది కనుక, పెరిగిన ధరల భారాన్ని కార్మికుడే ముందు మోయాలి. 1974లో ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికని, పెరిగిన డీఏలో సగాన్ని నిర్బంధ డిపాజిట్‌గా ప్రభుత్వం నిలిపి ఉంచింది.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల డీఏ ఏటా జనవరి, జులై నెలల నుంచి సవరిస్తారు. కోవిడ్ కాలంలో మూడు విడతలు స్తంభింపజేసి, 2021 జులై నుంచి 17 శాతాన్ని 28 శాతానికి పెంచారు. ఆ 18 నెలల బకాయిలు చెల్లించలేదు. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి కనీస వేతనాల చట్టం కిందికి వచ్చిన పనుల్లోనూ సూచీని బట్టి మారే భత్యానికి వీలుండేది. లిఖిత ఒప్పందం లేకుండా రోజుకూలికి పనిచేసే చాలామందికి ఆ పెంపు చేతికి అందేది కాదు.