నల్లగొండ నీళ్లు, మెల్‌బోర్న్ నీళ్లు



ఆ మధ్య మా నాయిన నల్లగొండ జిల్లా నుంచి మెల్‌బోర్న్ వచ్చారు. ఒకరోజు మావాడు స్కూల్లో విన్న సంగతి చెప్పాడు: "తాతా, ఇక్కడ నల్లా నీళ్లలో ఫ్లోరైడ్ కలుపుతారు."

నాయిన చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టేశారు. "గిదేంది బిడ్డా? మనం తీసెయ్యనీకి తండ్లాడినదాన్ని వీళ్లు పైసలు పెట్టి కలుపుతున్నరా?"

పళ్ల మీద గోధుమరంగు గారలు, వంగని మోకాళ్లు ఉన్న మనిషి అడిగిన ప్రశ్న అది. నాది ఐటీ ఉద్యోగం, కెమిస్ట్రీ ఇంటర్‌తోనే వదిలేశాను. అయినా ఆయన కోసం కూర్చుని చదివాను.

ఫ్లోరిన్ లేత పసుపు వాయువు. దొరికిన దాదాపు ప్రతి మూలకాన్నీ పట్టుకుంటుంది కాబట్టి విడిగా తీయడం మహా కష్టం. 1886లో పారిస్‌లో హెన్రీ మొయిసాన్ సాధించాడు, 1906లో నోబెల్ అందుకున్నాడు. మనం తాగేది ఆ వాయువును కాదు, దాని లవణమైన ఫ్లోరైడ్‌ను. మన నల్లరాతి నేలలో అది ఉంది. బోరు లోతుకు పోయినకొద్దీ, రాతిని చాలాకాలం అంటుకుని ఉన్న నీళ్లు దాన్ని కరిగించుకుని వస్తాయి. ఒంట్లోకి వెళ్లాక కాల్షియాన్ని వెతుక్కుంటుంది. అంటే పళ్లు, ఎముకలు.

అంతా మోతాదులోనే ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లో ఉంటే పన్ను గట్టిపడి పుచ్చిపోవడం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 1.5. ఆస్ట్రేలియాలో 0.6 నుంచి 1.1 మధ్య ఉంచుతారు. మా వైపు కొన్ని బోర్లలో 5 కూడా దాటేది. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగితే పళ్లకు గారలు పడతాయి, ఏళ్లు గడిచాక ఎముకలు బిగుసుకుపోతాయి. కాచినా పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది.

ఇప్పుడు తేదీలు చూడండి. ఆస్ట్రేలియాలో మొదటిసారి ఫ్లోరైడ్ కలిపింది టాస్మేనియాలోని బీకన్స్‌ఫీల్డ్‌లో, 1953లో. మెల్‌బోర్న్‌కు 1977లో వచ్చింది. అంతకు ఎంతో ముందే, 1937లోనే, నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉందని డాక్టర్ షార్ట్ బృందం రాసింది. 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. ఆ పేరు ఆఫ్రికా దాకా వెళ్లింది. మా ఊళ్లకు మాత్రం మంచినీళ్లు రాలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో జలసాధన సమితి పిలుపుతో జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు! పోలింగ్ వాయిదా వేసి, పుస్తకమంత బ్యాలెట్ అచ్చువేయాల్సి వచ్చింది. "మా ఓటు నీళ్లకే ఏసినం" అంటారు నాయిన. ఆ ఏడాదే లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఇంటింటికీ నది నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలైంది 2016లో. 1937 నుంచి లెక్కేస్తే 79 ఏళ్లు.

ఇదంతా చెప్పాక నాయిన గ్లాసు మళ్లీ తీసుకున్నారు. "అంటే ఈడ రోజూ కొలిచెటోళ్లున్నరన్నట్టు," అన్నారు. తాగారు. తర్వాత సోఫా చెయ్యి పట్టుకుని, మెల్లగా, మోకాలు వంచకుండానే లేచారు.