రాతకెక్కిన తాతలు, ఎక్కని తాతలు

2021 ఫిబ్రవరి 25 నుంచి 27 వరకు అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ కేంద్రంగా జరిగిన రూట్స్‌టెక్ మహాసభకు పది లక్షల మందికి పైగా హాజరయ్యారు. వంశచరిత్రల పరిశోధకులు, పూర్వీకుల వివరాలు వెతుక్కునే మామూలు మనుషులు, పాత రికార్డులను కంప్యూటర్లలోకి ఎక్కించే సాంకేతిక నిపుణులు ఏటా కలుసుకునే సభ అది. 2011లో మొదటిసారి జరిగినప్పుడు వచ్చినవాళ్లు సుమారు 3,000 మంది. పదేళ్ల తర్వాత కరోనా కారణంగా సభామందిరం తలుపులు మూసేసి, రుసుము ఎత్తేసి, ప్రసంగాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేసరికి 240కి పైగా దేశాల నుంచి, ప్రాంతాల నుంచి జనం చేరారు. ఇంతకాలం కులీనులకూ తీరిక ఉన్నవాళ్లకూ పరిమితమైన విద్య ఇక అందరిదీ అయిందన్న సంతోషం ఆ సంఖ్య వెంట వచ్చింది. ఆ సంతోషానికి కారణం ఉంది, కానీ అది సగం నిజం మీద నిలబడింది. పూర్వీకుల దగ్గరికి వెళ్లే దారిలో దూరం ఎప్పుడూ చిన్న అడ్డంకే. ఆ పూర్వీకుడి పేరును ఎప్పుడో ఎవరో ఒకరు ఏదో అవసరం కోసం రాసి ఉండాలి, రాసింది మిగిలి ఉండాలి, మిగిలినదానికి నకలు తీసి ఉండాలి. ఈ మూడూ జరగని కుటుంబానికి ఎంత పెద్ద సభ ఇంటి గడపలోకి వచ్చినా చూపించగలిగింది తక్కువ.

ఆ సభ వెనకున్న సంస్థ చరిత్రే ఇందుకు మొదటి సాక్ష్యం. మార్మన్ల చర్చి 1894లో యూటా వంశావళి సంఘాన్ని స్థాపించింది. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్లు దేవాలయంలో సంస్కారాలు జరిపించవచ్చని ఆ మతం నమ్మిక. ఎవరి తరఫున జరిపిస్తున్నారో చెప్పాలంటే పేరు కావాలి, పుట్టిన ఊరు కావాలి, తల్లిదండ్రులు తెలియాలి. ఈ మతావసరం ఒక మహాయంత్రాంగాన్ని పుట్టించింది. 1938లో మైక్రోఫిల్ములు తీయడం మొదలైంది. యూరప్‌లోని పారిష్ రిజిస్టర్లు, కోర్టు దస్తాలు, ఓడల జాబితాలు ఒక్కొక్కటే చుట్టలకెక్కాయి. 1960లలో సాల్ట్‌లేక్ సిటీ దగ్గరి కొండలో గ్రానైటు రాతిని తొలిచి, అణుయుద్ధం వచ్చినా చెక్కుచెదరని భాండాగారం కట్టారు. 1969లో, మళ్లీ 1980లో అదే నగరంలో ప్రపంచ రికార్డుల మహాసభలు జరిగాయి. ఆ రెంటికీ మధ్య, 1976లో అలెక్స్ హేలీ రాసిన ‘రూట్స్’, మరుసటి ఏడాది దాని టెలివిజన్ రూపం కలిసి అమెరికాలో ఇంటింటా తాతముత్తాతల మీద ఆసక్తి రేపాయి. 1999లో ఆ సంస్థ ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్ తెచ్చింది. 2017లో మైక్రోఫిల్ములను ఊరూరికీ అరువు పంపే పద్ధతి ఆగిపోయింది. దాదాపు 24 లక్షల చుట్టలను డిజిటల్ రూపంలోకి మార్చే పని 2021లోనే పూర్తయింది. పది లక్షల మంది సభకు వచ్చిన ఏడాది కూడా అదే. ఎనభై ఏళ్లకు పైగా సాగిన నకళ్ల పని లేకపోతే ఆ మూడు రోజుల్లో మాట్లాడుకోవడానికి అంత సరుకు ఉండేది కాదు.

మరి నకలు తీయడానికి ఏం దొరికింది? ప్రభుత్వమో చర్చో ఎవరిని లెక్కపెట్టాలనుకుందో వాళ్ల పేర్లు. ఇంగ్లండులో ప్రతి పారిష్‌లోనూ నామకరణాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయాలని 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ జారీ చేశాడు. 1563లో ట్రెంట్ మహాసభ కాథలిక్ దేశాల్లో పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేసింది. అందుకే సాధారణ ఆంగ్ల రైతు కుటుంబం కూడా పదిహేను తరాలు వెనక్కి వెళ్లగలదు. అమెరికాలోని నల్లజాతి కుటుంబం అంత దూరం వెళ్లలేదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలను వేరే పట్టికల్లో యజమాని పేరు కింద రాశారు. వయసు, లింగం, రంగు ఉంటాయి, దాదాపు ఎక్కడా పేరు ఉండదు. నల్లజాతి వాళ్లందరినీ పేర్లతో రాసిన మొదటి జాతీయ లెక్క 1870లోది. ఆ గోడను దాటడానికి కొంతవరకైనా తోడ్పడింది విముక్త బానిసల కోసం పనిచేసిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో దస్తాలు. 2015లో మొదలుపెట్టి ఏడాదిలో వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు వాటిలోంచి దాదాపు 18 లక్షల పేర్లను ఏరి సూచికలో పెట్టారు. ఎప్పటినుంచో దస్తాల్లో ఉండి ఎవరికీ దొరకని ఆ మనుషులు వారసులకు చేరింది పేరు పేరునా చదివి రాసిన ఈ శ్రమ వల్ల. ఈ పని జరిగాకే ఆ కుటుంబాలకు ఆన్‌లైన్ సభలో వెతుక్కోవడానికి ఏదో మిగిలింది.

తెలుగువాళ్ల విషయానికి వస్తే ఈ రాత ఎంత విచిత్రంగా పంపిణీ అయిందో మరీ స్పష్టంగా కనిపిస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ దక్షిణాఫ్రికాలో నాటాల్ రేవైన దర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 వరకు నాటాల్‌కు వెళ్లిన ఒప్పందకూలీలు 1,52,184 మంది. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవునుంచి వెళ్లినవాళ్లే. విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి పెద్దసంఖ్యలో తెలుగువాళ్లు అందులో ఉన్నారు. ప్రతి మనిషికీ ఒక నంబరు. నంబరు ఎదుట పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ. మారిషస్‌లో, 1903 నుంచి మద్రాసు కూలీలను కూడా తీసుకున్న ఫిజీలో ఇలాంటి రికార్డులే ఉన్నాయి. మారిషస్‌లో కొంతకాలం ఫోటోలు కూడా తీశారు. కూలీ పారిపోతే పట్టుకోవడానికీ, ఒప్పందం తీరేదాకా తోట యజమానికి కట్టిపడేయడానికీ రాసిన రాత ఇది. నూటయాభై ఏళ్ల తర్వాత అదే రాత ఆ మనిషి మునిమనవరాలిని విశాఖ జిల్లాలోని ఒకానొక ఊరిదాకా నడిపిస్తోంది. ఓడెక్కకుండా అదే ఊళ్లో అదే పొలంలో కూలి చేస్తూ ఉండిపోయిన ఆయన తమ్ముడి పేరు ఏ కాగితం మీదా ఉండకపోవచ్చు. 1871–72 నాటి తొలి జనాభా లెక్క నుంచి ఈ దేశంలో మనుషులను లెక్కపెడుతూనే ఉన్నారు గానీ ఇంటింటి పత్రాలు ఆ తరంవారి వారసులకు దక్కలేదు. అచ్చైన పట్టికలు మాత్రమే మిగిలాయి. 1948 నాటి జనగణన చట్టం వ్యక్తుల వివరాలను ఎవరికీ చూపకూడదంటుంది. అమెరికా 72 ఏళ్లకు తన లెక్కలను తెరుస్తుంది. 1950 నాటివి 2022లో బయటికి వచ్చాయి. ఆ సభలో పాల్గొన్న అమెరికన్‌కు అక్కరకొచ్చే మెలకువల్లో ఎక్కువ భాగం ఇక్కడ పనికిరాకపోవడానికి ఇదే కారణం.

మనకూ ఊళ్ల చరిత్రలు రాసిన కైఫీయతులు లేవా, కరణాల లెక్కల దండకవిలెలు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, విలువైనవి కూడా. కావలి సోదరుల సాయంతో కర్నల్ మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో జమీందార్ల, పాలెగాళ్ల వంశావళులు పుష్కలంగా ఉన్నాయి. 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమిషన్, మాన్యం అనుభవిస్తున్న ప్రతివాడినీ హక్కు నిరూపించుకోమంది. ఆ విచారణ పుణ్యాన పురోహితులు, దేవదాసీలు, ఊరి వృత్తిపనివాళ్లు ఎందరివో తరాల వివరాలు రిజిస్టర్లలో చేరాయి. హరిద్వార్ పండాలు యాత్రికుల వంశాలు రాసుకునే వహీలను ఆ యూటా సంఘమే మైక్రోఫిల్ములు తీసింది కూడా. అయితే ఈ రాతలన్నీ భూమి వెంట, హక్కు వెంట, యాత్రకు పోగల స్తోమత వెంట నడిచాయి. సెంటు భూమి లేనివాడు కరణం కవిలెలోకి వచ్చేది అరుదు. ఇనాం కాగితాల్లోనైనా, ఇంట్లో దాచుకున్న వంశవృక్షాల్లోనైనా కొడుకుల కొమ్మలే సాగుతాయి, కూతుళ్లు కనబడరు. ఈ ఒక్క విషయంలో కూలీ ఓడల జాబితాలు మన ఇంటి వంశవృక్షాల కన్నా న్యాయంగా ఉన్నాయి. ఆడమనిషికి సొంత నంబరు, సొంత పేరు, తన తండ్రి పేరు ఇచ్చాయి. వంశచరిత్రలో స్త్రీల గురించి మాట్లాడదలచిన తెలుగు పరిశోధకులకు వీటిని మించిన ఆధారం సులభంగా దొరకదు.

రాతలోకి రానివాళ్లకు తెలుగు నేల మరో ఏర్పాటు చేసుకుంది. కాపులకు పిచ్చుకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, సాధనాశూరులు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు కులపురాణం చెప్పి గోత్రాలు, ఇంటిపేర్లు, తరాలు వల్లించేవాళ్లు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద మిరాశీ ఉండేది. ఆ ఊళ్లకు వంతు ప్రకారం వెళ్లి కథ చెప్పి తమకు రావలసిన త్యాగం తీసుకునేవాళ్లు. ఇనాం రిజిస్టర్‌లోకి ఎప్పటికీ ఎక్కని మాదిగ కుటుంబానికి డక్కలి మనిషి కిన్నెర పట్టుకుని వచ్చి నీకూ ఒక పుట్టుక ఉంది, జాంబవంతుడి దాకా పోయే వంశం ఉంది అని చెప్పేవాడు. వంశచరిత్ర అందరిదీ కావాలన్న ఆశయానికి మన దగ్గర ఇంత పాత రూపం ఉంది. అయినా పది లక్షల మంది సభకు పునాదిగా నిలిచిన కాగితాల భాండాగారంలో దానికి చోటు దొరకలేదు.

నోటిమాటను ఎలా నమ్మడం అన్నది చరిత్రకారుల ఆక్షేపణ. పురాణానికీ మొన్నటి ముత్తాతకూ మధ్య ఎన్ని తరాలు జారిపోయాయో ఎవరికీ తెలియదు, త్యాగం ఎక్కువ ఇచ్చినవాడి వంశం ఎక్కువ గొప్పదయ్యే ప్రమాదమూ ఉంది. ఈ ఆక్షేపణను తోసిపుచ్చలేం. కానీ అదే గీటురాయి కాగితానికీ పెట్టాలి. ఓడెక్కేముందు డిపోలో నిలబడిన కూలీ చెప్పిన పేరు అసలుదో కాదో ఎవరూ విచారించలేదు. కులం మార్చి చెప్పినవాళ్లున్నారు. తెలుగు ఊరి పేరును గుమాస్తా తన చెవికి తోచినట్టు ఆంగ్లంలో రాశాడు. ఇంటిపేరుకు గడి లేకపోవడం వల్ల నాటాల్‌లో నాయుడు, రెడ్డి లాంటివి, లేదా తండ్రి పేరే, వంశనామాలుగా స్థిరపడ్డాయి. అదనంగా జిల్లాలు మారాయి. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఓడ జాబితాలో ఆర్కాటు అని చూసి తమ తాతను తమిళుడనుకునే వారసుడు తప్పుదారి పట్టవచ్చు. ఇక గోత్రాలు చెప్పేవాడి మాటకు ఒక తనిఖీ ఉండేది. వినేవాళ్లకు తమ దగ్గరి మూడు నాలుగు తరాలు తెలుసు. తప్పు చెబితే అక్కడే పట్టుకునేవాళ్లు, మిరాశీకే ఎసరు వచ్చేది. పై తరాలను పురాణంగానూ, కింది తరాలను సాక్ష్యంగానూ వేరుచేసి చదవడం నేర్చుకుంటే చాలు. ఆఫ్రికా దేశాల్లో ఊరిపెద్దల నోట వంశావళులను చెప్పించి రాసుకునే పనిని ఫ్యామిలీసెర్చ్ స్వయంగా చేపట్టింది కాబట్టి, మౌఖిక వంశావళి పరిశోధనకు తగదన్న వాదన కాగితాల సంస్థ దగ్గరే వీగిపోయింది.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ కులం గురించి. ఈ నేలమీద వంశం తవ్వడమంటే కులాన్ని తవ్వడమే, సంఘాల పేరిట వెలువడే వంశచరిత్రల్లో అధికభాగం గొప్పలు చెప్పుకోవడానికే పుట్టాయి, అలాంటి ఆసక్తిని మరింత పెంచాలా అన్న ప్రశ్న న్యాయమైనది. ఆశ్రిత కులాల వ్యవస్థ కూడా మెట్లమెట్ల అసమానత మీదే నిలిచింది. డక్కలివాళ్లను వాళ్లు ఆశ్రయించిన కులమే ఊరికి మరింత దూరంగా ఉంచింది. అయినా వెతకడం మానేస్తే నష్టపోయేది గొప్పలు చెప్పుకునేవాళ్లు కారు. వాళ్ల వంశావళి మెకంజీ నాడే భద్రమైంది. అసలు రికార్డులను నిజాయితీగా చదివితే గొప్పలకు ఆధారం సన్నగిల్లుతుంది కూడా. ఓడ జాబితాల్లో పక్కపక్క నంబర్లలో వేర్వేరు కులాల భార్యాభర్తలు కనబడతారు. ఒకే ఊరినుంచి ఒకే ఓడలో వెళ్లిన రకరకాల కులాలవాళ్లు తోటలో ఒకే వరుస ఇళ్లలో కాపురం చేశారు.

యూటా సంస్థ ఉద్దేశం మతపరమైనది కదా అన్న అభ్యంతరమూ ఉంది. యూదుల నరమేధంలో చనిపోయినవారి పేర్ల మీద సంస్కారాలు జరిపించడం తీవ్ర ఆగ్రహానికి దారితీసి, దాన్ని ఆపుతామని 1995లో ఆ చర్చి యూదు సంఘాలతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. అంటే పేర్ల భాండాగారానికి యజమాని ఎవరన్నది చిన్న ప్రశ్న కాదు. మన రికార్డులను మన ప్రభుత్వ పురాలేఖ భాండాగారాలు, విశ్వవిద్యాలయాలు డిజిటల్ చేసి జనానికి తెరవాలనడానికి నాకు కనిపించే అత్యంత బలమైన కారణం ఇదే.

2021 సభలో పాల్గొన్నవాళ్లలో ఎవరెవరు తమకు చుట్టాలో చూపించే ఒక సాధనం ఉండేది. ఇద్దరి వంశవృక్షాలూ ఎక్కడో ఒక పూర్వీకుడి దగ్గర కలిస్తే వాళ్లకు ఒకరిపేరు ఒకరికి తెలిసేది. ఇంగ్లండునుంచి వలసపోయిన కుటుంబాలవాళ్లకు అందులో కుప్పలుగా చుట్టాలు దొరకడం సహజం. వాళ్ల తరాలు వందేళ్లుగా ఆ వృక్షంలో అల్లుకుంటూ వచ్చాయి. తాత పేరు దగ్గరే ఆగిపోయే తెలుగు మనిషికి అది చూపించగలిగేది ఏమీ ఉండదు. ఆ లోటును తీర్చే ఆధారాలు రెండు చోట్ల చెల్లాచెదురై ఉన్నాయి. నాటాల్, మారిషస్, ఫిజీ జాబితాల్లో ఊరి పేరూ తండ్రి పేరూ ఉన్నాయి, ఇంటిపేరు లేదు. గోత్రాలు చెప్పేవాళ్ల దగ్గర ఊరి పేరు, ఇంటిపేరు, తరాలు ఉన్నాయి, తారీఖులు లేవు. త్యాగం ఇచ్చే ఇళ్లు తగ్గి వాళ్ల పిల్లలు కూలిపనులకూ పట్నాలకూ పోతున్న కాలం ఇది. ఏ ఊరి మీద ఎవరి మిరాశీ ఉందో ముందు నమోదు చేయాలి, చెప్పగలిగినవాళ్ల చేత తగిన పారితోషికం ఇచ్చి చెప్పించి రికార్డు చేయాలి, ఆ తర్వాత ఓడ జాబితాలోని ఊళ్లను ఒక్కొక్కటే వాళ్ల ముందు చదవాలి.