పిండివంటల్లో చక్కెర ప్రత్యామ్నాయాలు

ఇంటి తీపి వంటకాల్లో పంచదార, బెల్లం బదులు వాడే స్టీవియా, సుక్రలోజ్, ఎరిత్రిటాల్ వంటి పదార్థాలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల పిండివంటలన్నిటికీ ఇవి ఒకేలా పనికిరావు. పంచదారకంటే సుక్రలోజ్ సుమారు 600 రెట్లు, స్టీవియా సారం 200 నుంచి 300 రెట్లు తీపి కాబట్టి చిటికెడు చాలు. ఆ చిటికెడుతో పాకం మాత్రం రాదు. సంక్రాంతి అరిసెలకు బెల్లం పాకం చుక్కను నీళ్ల పళ్లెంలో వేసి చూస్తారు. వేళ్ల మధ్య మెత్తగా ఉండ కడితేనే తడి బియ్యప్పిండి కలుపుతారు. పిండిని పట్టి ఉంచేది, నూనెలో ఎర్రటి రంగు తెచ్చేది ఆ పాకమే. అందుకే అరిసెను బెల్లంతోనే వండి, తక్కువ తినడం మేలు.

సేమ్యా పాయసానికి ఈ చిక్కు లేదు. మరో ప్రత్యామ్నాయమైన ఆస్పర్టేమ్ మాత్రం వేడికి తీపి కోల్పోతుంది కనుక దించాకే కలపాలి. కేకులో ఎరిత్రిటాల్ పరిమాణాన్నిస్తుంది, రంగు తేలేదు.

బెల్లం, తాటిబెల్లం మధుమేహానికి మంచివన్న నమ్మకం హానికరం. రెండింటిలోనూ అధికభాగం సుక్రోజే. బరువు తగ్గడానికి స్టీవియా, సుక్రలోజ్ వంటివి వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో సూచించింది. ముందే మధుమేహం ఉన్నవారికి ఆ సూచన వర్తించదు. అయితే తీపి మార్చినా పాయసంలోని సేమ్యా రక్తంలో చక్కెరను పెంచుతుందని వారు మరవకూడదు.