వెబ్‌సైటులో వీడియో: ప్లగిన్ నుంచి ప్రామాణిక ట్యాగ్ వరకు (1993–2020)

ఈ పాఠం చదివిన తరువాత మీరు, వెబ్ పేజీలో వీడియోను చూపడానికి ఏయే దశల్లో ఏయే ఏర్పాట్లు ఉండేవో వివరించగలుగుతారు. ఆ ఏర్పాట్లు మారడానికి గల సాంకేతిక, వ్యాపార, న్యాయపరమైన కారణాలను వేరుచేసి చూపగలుగుతారు. డిజిటల్ ఆధారాల పరిరక్షణకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

ఒక ఆసుపత్రి గానీ, చేనేత సహకార సంఘం గానీ, పాఠశాల గానీ తన వెబ్‌సైటును తయారుచేసే వ్యక్తితో "మా పరిచయ వీడియోను కూడా ఇందులో పెట్టండి" అంటుంది. నేడు ఇది కొద్ది నిమిషాల పని. 1997లో ఇదే కోరికకు రోజుల తరబడి శ్రమ, చెప్పుకోదగిన ఖర్చు అయ్యేవి. అంత చేసినా చూసేవారిలో చాలామందికి ఆ వీడియో కనిపించేది కాదు.

ఈ మార్పును సాధారణంగా వేగం పెరిగిన కథగా చెబుతారు. లైన్లు మెరుగయ్యాయి, కంప్యూటర్లు బలపడ్డాయి, వీడియో వచ్చింది అంటారు. ఇందులో నిజం ఉంది, కాని సగమే. మిగిలిన సగం అధికారానికి సంబంధించిన చరిత్ర. వీడియో ఫైలు ఎవరి దగ్గర ఉంది? దాన్ని ప్లే చేసే సాఫ్ట్‌వేర్ ఎవరిది? దాన్ని కుదించిన పద్ధతిపై హక్కులు ఎవరివి? ఈ మూడు ప్రశ్నలకు ప్రతి దశలోనూ సమాధానం మారుతూ వచ్చింది. ఈ పాఠంలో ఆ సమాధానాలను వరుసగా పరిశీలిద్దాం.

2. బొమ్మ వచ్చింది, కదలిక రాలేదు

టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని సెర్న్ పరిశోధన సంస్థ 1993 ఏప్రిల్ 30న ప్రకటించింది. అదే సంవత్సరం అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ బ్రౌజర్ అక్షరాల పక్కనే బొమ్మను చూపించి వెబ్‌ను జనానికి దగ్గర చేసింది. వీడియోకు మాత్రం పేజీలో చోటు దక్కలేదు. పేజీలో లంకె ఉండేది. దాన్ని నొక్కితే ఫైలు మొత్తం దిగుమతి అయ్యాక, కంప్యూటర్‌లో ఉన్న వేరే ప్రోగ్రాం దాన్ని విడి కిటికీలో చూపేది.

దీనికి కారణం లెక్కల్లోనే ఉంది. అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు గల చిత్రంలో ఒక్కొక్క చుక్కకు 3 బైట్ల చొప్పున, సెకనుకు 25 చిత్రాలు చూపాలంటే సెకనుకు 2 కోట్ల 30 లక్షల బైట్లు కావాలి. కాబట్టి కుదింపు తప్పనిసరి. ఇలా కుదించి, చూసే సమయంలో తిరిగి విప్పే పద్ధతినే కోడెక్ అంటారు. కుదించిన తరువాత 5 మెగాబైట్లకు దిగిన చిన్న వీడియో కూడా 28.8 కిలోబిట్ల మోడెం మీద రావడానికి దాదాపు 23 నిమిషాలు పట్టేది. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినప్పుడు ఉన్నది ఇలాంటి టెలిఫోను లైన్ల కాలమే.

అయితే ఈ దశలో ఒక విషయాన్ని గమనించాలి. వీడియో ఫైలు వెబ్‌సైటు యజమాని సర్వరులోనే ఉండేది. చూపడం కష్టమైనా సొంతదారు ఎవరనే సందేహం ఉండేది కాదు.

3. మూడు ప్లేయర్ల కాలం

నెట్‌స్కేప్ నావిగేటర్ రెండవ రూపం 1996లో ప్లగిన్ అనే ఏర్పాటును ముందుకు తెచ్చింది. బయటి సంస్థ తయారుచేసిన చిన్న ప్రోగ్రాంను బ్రౌజర్‌కు తగిలిస్తే, బ్రౌజర్‌కు తెలియని ఫైలును అది పేజీ లోపలే చూపగలదు. రాబ్ గ్లేజర్ స్థాపించిన ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ సంస్థ అంతకు ముందే, 1995లో, రియల్ ఆడియోను విడుదల చేసింది. 1997లో రియల్ వీడియో వచ్చింది. ఆ సంస్థే తరువాత రియల్ నెట్‌వర్క్స్‌గా పేరు మార్చుకుంది. ఫైలు పూర్తిగా వచ్చేదాకా ఆగకుండా, వస్తూ ఉండగానే చూపే స్ట్రీమింగ్ పద్ధతి వీటితో వ్యాప్తిలోకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ విండోస్ మీడియాతోను, ఆపిల్ క్విక్‌టైమ్‌తోను పోటీకి దిగాయి.

ఈ పోటీ భారం వెబ్‌సైటు తయారీదారు మీద పడింది. ఒకే వీడియోను మూడు రూపాల్లోకి మార్చాలి. ప్రతి రూపాన్నీ మళ్లీ నెమ్మది లైనుకు ఒకటి, వేగమైన లైనుకు ఒకటి చొప్పున తయారుచేయాలి. రియల్ సర్వరుకైతే ఒకేసారి ఎంతమంది చూడవచ్చనే దాన్ని బట్టి లైసెన్సు రుసుము ఉండేది. చూసేవారు తమ వద్ద ఏ ప్లేయరు ఉందో తెలుసుకొని, లేకపోతే దాన్ని దిగుమతి చేసుకోవాలి. ఫైలు ఇంకా యజమాని దగ్గరే ఉన్నా, దాన్ని తెరిచే తాళంచెవి ఇతరుల చేతికి వెళ్లింది.

4. ఒక పేటెంటు, ఒక అదనపు క్లిక్కు

ప్లగిన్ పద్ధతి మీదనే ఒక పెద్ద వ్యాజ్యం నడిచింది. వెబ్ పేజీలో బయటి ప్రోగ్రాంను పొదిగి నడిపే విధానంపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి 1998లో అమెరికాలో పేటెంటు లభించింది. దాని లైసెన్సు పొందిన ఇయోలాస్ సంస్థ 1999లో మైక్రోసాఫ్ట్‌పై దావా వేసింది. 2003 ఆగస్టులో జ్యూరీ దాదాపు 52 కోట్ల డాలర్ల నష్టపరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పు అప్పీలులో నిలవకపోయినా, వివాదం కొనసాగుతుండగానే మైక్రోసాఫ్ట్ 2006లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మార్చింది. ఇక పేజీలో ఉన్న వీడియోను ముందుగా ఒకసారి క్లిక్ చేసి మేల్కొలిపితే గానీ దాని బటన్లు పనిచేసేవి కావు. ఏ కోర్టునూ చూడని చిన్న వెబ్‌సైట్ల యజమానులు కూడా ఆ అదనపు క్లిక్కును భరించవలసి వచ్చింది. 2007లో ఇరుపక్షాలు రాజీపడ్డాయి.

ఇతర సంస్థలపై ఇయోలాస్ వేసిన కేసులో, 2012 ఫిబ్రవరిలో టెక్సాస్‌లోని టైలర్ పట్టణపు జ్యూరీ ఆ పేటెంటు వాదనలు చెల్లవని తేల్చింది. ఆ విచారణలో బెర్నర్స్ లీ స్వయంగా సాక్ష్యమిచ్చాడు. పే యువాన్ వేయ్ 1990ల తొలి సంవత్సరాల్లో తయారుచేసిన వయోలా బ్రౌజర్ అంతకు ముందే అటువంటి పని చేసిందనే ఆధారం కీలకమైంది. పాత సాఫ్ట్‌వేర్‌ను ఎవరో భద్రపరచి ఉండకపోతే ఈ వాదన నిలబడేది కాదు. చరిత్ర విద్యార్థులు గుర్తుంచుకోవలసిన అంశమిది.

5. ఫ్లాష్, యూట్యూబ్

మూడు ప్లేయర్ల తగవును తీర్చింది నాలుగో సాఫ్ట్‌వేర్. మాక్రోమీడియా సంస్థ ఫ్లాష్ మొదట కదిలే బొమ్మలకు ఉద్దేశించినది. అప్పటికే చాలా కంప్యూటర్లలో చేరిపోయిన ఫ్లాష్ ప్లేయర్‌కు, 2002లో వచ్చిన ఆరవ రూపంతో వీడియోను చూపే శక్తి కూడా వచ్చింది. తయారీదారుకు ఇది పెద్ద ఊరట. ఒకే ఫైలు, ఒకే ప్లేయరు, అన్ని బ్రౌజర్లలోనూ ఒకే రూపం. 2005లో మాక్రోమీడియాను అడోబీ కొనుగోలు చేసింది.

మిగిలిన చిక్కు ఖర్చు. 5 మెగాబైట్ల వీడియోను వెయ్యిమంది చూస్తే సర్వరు నుంచి 5 గిగాబైట్లు బయటికి వెళ్లాలి. వీడియోకు ఆదరణ పెరిగిన కొద్దీ యజమానికి బిల్లు పెరిగేది. 2005లో చాడ్ హర్లీ, స్టీవ్ చెన్, జావెద్ కరీమ్ ప్రారంభించిన యూట్యూబ్ ఈ చిక్కును విప్పింది. ఫైలును అక్కడ ఉంచి, వారిచ్చే కొద్దిపాటి కోడును తన పేజీలో అతికిస్తే చాలు. ఖర్చు యూట్యూబ్‌ది, ప్లేయరు ఫ్లాష్‌ది. 2006 అక్టోబరులో గూగుల్ 165 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి యూట్యూబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది.

మన దేశపు 2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగాన్ని 256 కిలోబిట్లుగా నిర్వచించింది. ఆ వేగానికి పాత 23 నిమిషాల నిరీక్షణ రెండున్నర నిమిషాలకు తగ్గింది. పరిమిత వనరులున్న తెలుగు సంస్థలకు కూడా వీడియో అందుబాటులోకి రావడం మొదలైంది ఈ దశలోనే. అయితే ఇప్పుడు ప్లేయరుతో పాటు ఫైలు కూడా యజమాని ఇల్లు దాటింది.

6. వీడియో ట్యాగ్: కుదిరిన ఒప్పందం, తెగని తగవు

బొమ్మకు ఉన్నట్టే వీడియోకూ హెచ్‌టీఎంఎల్‌లో సొంత ట్యాగ్ ఉండాలని ఒపెరా బ్రౌజర్ సంస్థ 2007లో ప్రతిపాదించింది. ప్లగిన్ అవసరం లేకుండా బ్రౌజరే వీడియోను ప్లే చేయాలన్నది దాని సారాంశం. ట్యాగ్ విషయంలో అంగీకారం త్వరగానే కుదిరింది. ఏ కోడెక్ వాడాలన్న దగ్గర తగవు మొదలైంది. రుసుము లేని థియోరాను మొజిల్లా, ఒపెరా కోరాయి. ఆపిల్, నోకియా అందుకు ఒప్పుకోలేదు. నాణ్యత గల హెచ్.264 పేటెంట్ల రుసుముతో ముడిపడి ఉంది. చివరకు 2009లో, అందరూ అంగీకరించే కోడెక్ లేదని ప్రమాణాల సంపాదకుడు ఇయాన్ హిక్సన్ ప్రకటించి, ఆ నిబంధనను ఖాళీగా వదిలేశాడు.

ఫలితంగా తయారీదారు మళ్లీ ఒకే వీడియోను రెండు మూడు రూపాల్లో ఉంచవలసి వచ్చింది. 2010లో గూగుల్ వీపీ8 కోడెక్‌ను ఉచితంగా విడుదల చేసింది. అదే సంవత్సరం హెచ్.264 హక్కుల నిర్వాహక సంస్థ, చూసేవారికి ఉచితంగా అందే ఇంటర్నెట్ వీడియోపై ఎప్పటికీ రుసుము వసూలు చేయబోమని తెలిపింది. పోటీ ఒత్తిడి లేకుండా ఈ రాయితీ వచ్చి ఉండేదని భావించడం కష్టం. 2013లో సిస్కో తన హెచ్.264 ప్రోగ్రాంను రుసుము తానే భరించి అందిస్తానని ప్రకటించాక, మొజిల్లా కూడా దారికి వచ్చింది. హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం 2014 అక్టోబరు 28న ఖరారైంది. రుసుము లేని ఏవీ1 కోడెక్ 2018లో వెలువడింది.

7. ఫ్లాష్ ముగింపు

ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటివ్వని ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ 2010 ఏప్రిల్‌లో అందుకు కారణాలు వివరిస్తూ బహిరంగ లేఖ రాశాడు. ఫోన్లలో ఫ్లాష్ అభివృద్ధిని అడోబీ 2011లో ఆపేసింది. 2015 జనవరిలో యూట్యూబ్ వీడియో ట్యాగ్‌కు మారింది. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫ్లాష్ ఫైళ్లను తెరవడానికి నిరాకరించింది. కొత్త రూపంలోకి మార్చని వీడియోలు పేజీల్లో ఖాళీ చట్రాలుగా మిగిలాయి.

ఇతరుల సర్వరులో ఫైలు ఉంచడంలోని ప్రమాదం అంతకు ముందే కనిపించింది. గూగుల్ వీడియో అనే సేవలోని వీడియోలు ఇక కనిపించవని 2011 ఏప్రిల్‌లో గూగుల్ కొద్ది రోజుల గడువుతో తెలిపింది. నిరసన రావడంతో ఆ గడువును ఉపసంహరించుకుంది. ఆ నిరసన లేకపోతే, సొంత ప్రతి దాచుకోనివారి వీడియోలు అక్కడితో పోయేవి.

8. సారాంశం

వీడియోను పేజీలో పెట్టడం సులువైన ప్రతిసారీ ఏదో ఒక అంశం యజమాని చేయి దాటింది. మొదట ప్లేయరు, తరువాత ఫైలు. వీడియో ట్యాగ్ ఈ వరుసకు మినహాయింపు. ఫైలును సొంత సర్వరులో ఉంచుకొని, ఎవరి ప్లగిన్ మీదా ఆధారపడకుండా చూపే వీలును అది తిరిగి ఇచ్చింది. దానితో పాటు వచ్చిన ట్రాక్ ట్యాగ్ ద్వారా తెలుగు లిపిలోనే ఉపశీర్షికలు జోడించవచ్చు. వినికిడి లోపం ఉన్నవారికి ఇది అవసరం. భవిష్యత్తులో వెతికేవారికి కూడా అక్షర రూపంలో ఆధారం మిగులుతుంది.

అయినా ఖర్చు, అలవాటు కారణంగా ఎక్కువమంది నేటికీ ఇతరుల వేదికలనే ఆశ్రయిస్తున్నారు. అందులో తప్పు లేదు. కాని పేజీలో అతికించిన కోడు వీడియో కాదు, వీడియో ఉన్న చోటికి దారి మాత్రమే. ఒక గ్రామ నాటక సమాజపు ప్రదర్శనను, ఒక స్వాతంత్ర్య సమరయోధుని మాటలను వెబ్‌సైటులో పెట్టినవారు అసలు ఫైలును కూడా తమ వద్ద భద్రపరచినప్పుడే అది రేపటి చరిత్రకారునికి ఆధారమవుతుంది. దారి మూసుకుపోయిన రోజున మిగిలేది ఆ ఫైలు ఒక్కటే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ప్లగిన్ పద్ధతి వెబ్‌సైటు తయారీదారులపై మోపిన భారాన్ని వివరించండి.
2. ఇయోలాస్ వ్యాజ్యంలో వయోలా బ్రౌజర్‌కు గల ప్రాముఖ్యం ఏమిటి?
3. వీడియో ట్యాగ్‌పై అంగీకారం కుదిరినా కోడెక్‌పై కుదరకపోవడానికి కారణాలను చర్చించండి.
4. మీకు తెలిసిన ఒక సంస్థ వెబ్‌సైటులోని వీడియో అసలు ఫైలు ఎక్కడ ఉందో విచారించి, అర పుటకు మించకుండా నివేదిక రాయండి.